ఖాళీ ట్యాగు

వర్తక సంఘం వెబ్‌సైటు ప్రారంభోత్సవం ముగిసింది. ఆత్మకూరు కల్యాణ మండపం నుంచి ఉదయగిరికి పోయే కారులో విజయదుర్గ, ఆమె భర్త ప్రసన్నకుమార్ ఇద్దరే ఉన్నారు. ఆ సైటు చేసింది ఆమే.

"ఇంక ఏడుపు ఆపు దుర్గా. అయిందేదో అయిపోయింది."

"అంతమందిలోనండీ! అంత పెద్ద తెర మీద. ఒక్క అక్షరం రాలా. తెల్లగా, సున్నం కొట్టిన గోడ మాదిరి..."

"సంఘం పెద్ద గదా, నారాయణయ్య మామ ఏదో అన్నాడులే. ఆయన మాట పట్టించుకుంటారా?"

"'ఈ తెల్లగోడ చూసేదానికా కొండాపురం నుంచి కూడా మనుషుల్ని పిలిపించింది' అన్నాడు. అందరూ నవ్వినారు. మీరు కూడా."

"నేనా? నేనెక్కడ నవ్వినా?"

"నవ్వినారు. చూసినాను."

"అందరూ నవ్వుతుంటే నన్నొక్కణ్ణి మొహం ముడుచుకోని కూర్చోమంటావా? సరే, నీళ్లు తాగు."

"నిన్న పొద్దున బాగుండిందండీ. తప్పులు పట్టే వ్యాలిడేటర్లో పెడితే ఒక్క తప్పు చూపలా. పేజీ రాసిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అంతా సరిగ్గా ఉండాదనింది."

"వ్యాలిడేటర్ ఇప్పుడు కూడా అదే అంటాది. జనానికి చూపించాల్సింది బ్రౌజరు గదా. బయట ఫైల్లో ఉండే కోడును పిలిచే స్క్రిప్ట్ ట్యాగు లోపల ఏమీ లేకుంటే, పేజీ తయారుచేసే నీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తెరిచే ట్యాగునీ మూసే ట్యాగునీ మడిచి ఒకటే ముక్క చేసేస్తాది. రూలు ప్రకారం తప్పు లేదు. బ్రౌజరు మాత్రం ట్యాగు ఇంకా మూయలేదనుకోని, కింద ఉండేదంతా దాంట్లోకే మింగేస్తాది. ఇంకేముండాది, తెల్లగోడే."

"అది నాకు తెలీదా? అందుకే గదా, ఖాళీగా ఉండకూడదని లోపల ఒక కామెంటు, మనకోసం రాసుకునే మాట, పెట్టినాను. చూసేవాళ్లకు కనపడకుండా."

"పెట్టాలనుకోని ఉంటావు. మర్చిపోయుంటావు."

"పెట్టినానండీ..."

"పెట్టుంటే ఎక్కడికి పోతాది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోలా?"

"పాలకీ దీనికీ..."

"నేనూ నీతోనే ఈ కంప్యూటరు చదువు చదివినా దుర్గా. తెలీకనా అంగట్లో తూకాలు వేస్తా కూర్చోనుండేది? ఈ పనులు మన ఇంటికి నప్పవని ఊరుకున్నా. నువ్వు వింటివా? నెల్లూరంటివి, ఉద్యోగమంటివి."

"ఈ సైటు బాగొస్తే ఉద్యోగంలోకి తీసుకుంటామని ఆ నెల్లూరు కంపెనీ వాళ్లే అన్నారు గదండీ."

"వచ్చిందా బాగా?"

"నిన్నటిదాకా బాగానే..."

"చెప్పు. వచ్చిందా?"

"నిజంగా మర్చిపోయినానా నేను?"

"మర్చిపోయినావు. వాళ్లు వద్దనేదాకా ఎందుకు? నువ్వే ఫోన్ చేసి రానని చెప్పు. మర్యాదన్నా మిగులుతాది."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ఇదిగో ఫోను."

"హలో... సార్, విజయదుర్గను. ఉద్యోగం సంగతి... నేను రాలేను సార్. లేదు సార్, ఎవరూ ఏమనలేదు. నాకే చాతకాదు. వేరేవాళ్లను చూసుకోండి సార్."

"చూడు, ఎంత తేలికైపోయిందో. ఇంటికి పోయి కాసేపు పడుకో."

"ఏమండీ, ఒక్క మాట. కోపం తెచ్చుకోకండి. నేను పెట్టినాను. దాంట్లో ఏం రాసినానో అది కూడా గుర్తుండాది."

"నాకూ గుర్తుండాదిలే. 'ఇది తీయొద్దు, తీస్తే పేజీ మొత్తం పోతుంది' అని రాసినావు. నువ్వట్లా రాసి పెట్టకుంటే, ఏది తీయాల్నో నాకెట్లా తెలిసేది?"