ఖోఖో జట్టుకు కాప్టెన్ కాని సునీత

సభకు అధ్యక్షులైన మన కలకత్తా తెలుగు పాఠశాల సంఘం పెద్ద త్యాగరాజు గారికి, ప్రధానోపాధ్యాయిని లలితాంబ గారికి, టికియాపారా నుంచి రెండు బస్సులు మారి వచ్చిన నా పాత విద్యార్థినులకు, పని మానుకుని వచ్చిన మన గార్డెన్ రీచ్ రేవు కార్మిక సోదరులకు నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు మైదానంలో గొంతు చించుకున్న ఈ ఆటల టీచరు సత్యవేణికి పదవీ విరమణ రోజున మైకు ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు. (నవ్వులు)

జట్లకు కాప్టెన్లను ఎంచడంలో నేను ఏనాడూ పొరబడలేదని లలితాంబ గారు ఇందాక అన్నారు. ఆ మాట అక్కడే వదిలేసి పూలదండ పుచ్చుకుని వెళ్లిపోతే మర్యాదగా ఉండేది, కానీ ఎనిమిదేళ్లుగా నాకు నిద్ర సరిగా లేదు, అందుకని మన్నించి వినండి.

నేను కాప్టెన్‌ను ఎంచే పద్ధతి చాలా చిన్నది. ఆట మధ్యలో హఠాత్తుగా చప్పట్లు కొట్టి, ఏమీ చెప్పకుండా ఊరుకుంటాను. అప్పుడు మిగతా పిల్లలు ఏ పిల్ల మొహం చూస్తారో ఆ పిల్లే కాప్టెన్. రెండు వేల పదహారులో అందరూ సునీత వైపు చూశారు. రేవులో మూటలు దింపే పోలిరాజు కూతురు. పొడుగు జడ, తక్కువ మాట. త్యాగరాజు గారూ, మీరు నన్ను బలవంతపెట్టలేదు. "బహుమతులిచ్చే రోజు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడే అమ్మాయైతే బాగుంటుంది కదమ్మా" అన్నారంతే. తల ఊపింది నేను. బ్యాంకు ఆఫీసరు గారమ్మాయి కౌముదిని కాప్టెన్ చేశాను. సునీతను పిలిచి చెబితే, టీచర్ అనే బదులు తనకలవాటైన బెంగాలీ పిలుపుతో "అలాగేనండి, దిదిమణీ" అంది. నెల తిరక్కుండా పోలిరాజుకు రేవులో పని పోయింది. కుటుంబమంతా కళింగపట్నం దగ్గర తమ ఊరికి వెళ్లిపోయింది.

డిసెంబరులో బడ్జ్ బడ్జ్‌లో పోటీ. ఓడిపోతున్నాం. ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చున్న మా ఎనిమిది మంది పిల్లలూ ఒక్కసారిగా తలలు తిప్పి, స్తంభం పక్కన ఎవరూ లేని చోటు వైపు చూశారు. పరిగెడుతున్న కౌముది కూడా. నేనూ చూశాను. ఎండ, దుమ్ము తప్ప అక్కడ ఏమీ లేదు. ఆ తరువాత వాళ్లు వేరే జట్టులా ఆడి గెలిచారు.

తిరిగి వస్తూ బస్సులో, జట్టులో ఆడిన రోజాను అడిగాను, "ఏటి చూశారే అక్కడ?" అని.

"సునీతని, టీచర్. ముందు పరిగెడతన్న పిల్లని వదిలీసి ఎనకున్న పిల్లని పట్టమంది."

"సునీత ఊళ్లో లేదు కదే."

"తెల్సు టీచర్" అంది రోజా, నావైపు జాలిగా చూస్తూ.

మూడో వరుసలో తల దించుకున్న కౌముదీ, నువ్వు ఆ రోజు బస్సులో ఎందుకు ఏడ్చావో నేను అడగలేదు. అడగడానికి భయపడ్డాను.

పిల్లల భ్రమ అనుకుని సరిపెట్టుకునేదాన్నే. కానీ ఆ జట్టు బడి దాటి వెళ్లిపోయింది, కొత్త జట్లు వచ్చాయి, సునీత పేరు కూడా వినని పిల్లలు సైతం ఆట బిగిసినప్పుడు స్తంభం పక్కకే చూస్తున్నారు. "ఆ జడ అక్క ఎవరు టీచర్?" అని కిందటేడు ఆరో తరగతి పిల్ల అడిగింది. ఆ పిల్లకు నేనేం చెప్పను?

అందుకే మొన్న జనవరిలో సునీత ఊరికి రైలెక్కాను. దారిలో బడి నుంచి ఫోను వచ్చింది, సాయంత్రం ఆటలో ఇప్పటి జట్టు పిల్ల లక్ష్మీసౌజన్యకు ఎడమ మడమ బెణికిందని. మర్నాడు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, వెతుక్కుంటూ వెళ్లేసరికి సునీత రొయ్యలు ఒలిచే షెడ్డులోంచి తడి చేతులతో బయటికి వచ్చింది. నేను నోరు తెరవక ముందే, "ఆ పిల్ల ఎడం మడమ ఎలాగుంది దిదిమణీ? వారం వరకూ ఆడనీకండి" అంది.

నీకెవరు చెప్పారమ్మా అన్నాను.

"నాకేటీ తెల్దండి. పని సేసుకుంటుంటే ఒకోపాలి అందరూ నా మొహమే సూస్తన్నట్టుంటాది. సెప్పవలసింది సెప్పీసి మళ్లీ రొయ్యలొలుసుకుంటాను. ఆ రోజు ఇంక సెయ్యి ఆడదు, కూలీ కోసీస్తారు."

నాదే తప్పమ్మా, నన్ను క్షమించు అన్నాను.

"నాకొక్కదానికే సెప్తే ఏటి లాభం? అందరి ముందూ నన్ను ఒకపాలి కాప్టెన్ అనీండి దిదిమణీ. అనీసి, దింపీండి. అలిసిపోనాను" అంది. సరేనని మాటిచ్చాను.

ఇది నమ్మమని నేను ఎవరినీ అడగను. నేనిచ్చిన మాట నిలబెట్టుకునే చోటు మాత్రం ఇదొక్కటే. రెండు వేల పదహారులో మన బడి ఖోఖో జట్టు కాప్టెన్ పోలిరాజు కూతురు సునీత. ఆ పదవి ఆమెకు ఇవ్వకపోవడం నా తప్పు, నా ఒక్కదాని తప్పు.

సునీతా, నీ ఆట ముగిసింది. ఇక ఎవరూ నిన్ను పిలవరు. చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లమ్మా.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మా ఇద్దరికీ సెలవు ఇప్పించండి.