మూడు దెబ్బల టముకు

తిరపాలని ఒకడుండేవాడంట, ఊళ్లో టముకు వేసేవాడు. వాడి టముక్కి రెండు రకాల వాయింపుండేది, అది ముందు తెలుసుకోండి. సర్కారు మాటైతే మూడు దెబ్బలు నిదానంగా కొట్టి ఆగేవాడు. వాగు పొంగుతోందనో, కలరా సూదులేస్తారనో. బేరగాళ్ల మాటైతే గడగడా వాయించేసేవాడు, గాజులొచ్చినయ్యనో, కుండలొచ్చినయ్యనో. మూడు దెబ్బలు వినబడితే జనం చేతిలో ముద్ద వదిలేసి వాకిట్లోకొచ్చేవాళ్లు. గడగడకి తల కూడా తిప్పేవాళ్లు కాదనుకోండి.

ఏమైందంటే, ఒకరోజు జట్కాలో ఒక ఆసామి దిగాడంట. గేదెలకి పెట్టే పొడంట, పెడితే పాలు రెండింతలంట. ఊళ్లో చాటించాలి తిరపాలూ అన్నాడు. సరే బాబూ అని వీడు గడగడా మొదలెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడంట. "అది కాదయ్యా, ఆ మూడు దెబ్బలు కొట్టు." అది సర్కారు మాటకండీ అన్నాడు వీడు. "చెయ్యి నీది, టముకు నీది. సర్కారేమన్నా కొనుక్కుందా?" అని కొత్త పంచె తీసి వీడి భుజాన వేశాడంట. ఒంటిమీదదేమో చిరుగులు. ఏమంటాం మరి. నన్ను అబద్ధం చెప్పమనలేదు కదా, దెబ్బలే కదా మార్చమన్నాడు అనుకున్నాడంట. ఆ అనుకోటంలోనే ఉంది చేటంతా. కొట్టాడు. ఈ వీధిలో మూడు దెబ్బలు, ఆ వీధిలో మూడు దెబ్బలు. పక్క పల్లెల్లో కూడా కొట్టుకుంటా పోయి రెండు రోజులు ఇంటికి రాలా.

మూడోరోజు వచ్చేసరికి వాడి పెళ్లాం ఆదెమ్మ పాక ముందు కూర్చోనుందంట. లోపల చూడి గేదె, ఇంకో నెలలో ఈనాల్సింది, పొట్ట ఉబ్బి కాళ్లు చాపి పడుంది. వాళ్లకున్నదదొక్కటే. దాని పాలమ్మితేనే ముగ్గురు పిల్లలకి గంజి. ఏం పెట్టావే దీనికి అన్నాడు. "నువ్వు చాటిందే పెట్టా. రెండు కోళ్లిచ్చి కొన్నా." "నిన్నెవరు కొనమన్నారే, అది బేరగాడి పొడి." అప్పుడు ఆ తల్లి వాడి భుజాన కొత్త పంచె చూసి ఏమందో వినండి. "మూడు దెబ్బలే కదయ్యా కొట్టావు. నేను పొయ్యి కాడున్నా. ఏది సర్కారుకి కొట్టావో, ఏది పంచెకి కొట్టావో నాకేం తెలుసు? కట్టుకున్నదానికైనా చెప్పిపోకూడదా?" పొద్దు వాలేలోపు గేదె పోయింది, కడుపులో దూడతో సహా. ఊళ్లో ఇంకో తొమ్మిది పోయినయ్యి.

జట్కా ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఊరంతా కలిసి తిరపాల్ని తిట్టింది. తిట్టాల్సిందే, కాదనను. కానీ ఆ పొడిలో ఏముందని ఒక్కడడిగాడా? ముందు ఒక గేదెకి పెట్టి నాలుగు రోజులు చూద్దామన్నాడా? పక్కింటోడు కొన్నాడని వీడు, వీడు కొన్నాడని ఆ పైవాడు.

మనమేదో మారినట్టు నవ్వుతారేం. మా ఇంట్లో టీవీ ఉంది. వార్తలు చెప్పే గొంతే పురుగుమందూ చెబుతుంది. అట్టా విని కొట్టే రెండెకరాల మిరప మాడ్చుకున్నా, ఇంకొకర్నేమంటాను. తిరపాలుకి ఇంటికెళితే నిలదీసే పెళ్లామన్నా ఉంది. ఆ పెట్టెకి ఆ దిక్కు కూడా లేదు.