తల ఊపితే చాలట

అలా చూస్తారేంటి ఇన్‌స్పెక్టరుగారూ? ఆసుపత్రిలో మీ మంచం ముందు నిలబడమన్నారు, నిలబడ్డాను. గంజి పోసిన మనిషి ఇదేనని మీరు తల ఊపితే చాలట, నేను జైలుకి. ఊపకపోతే ఇంటికి. నోటికి కట్టున్నా చెయ్యగలిగిన ఉద్యోగమే, ఏమంటారు?

మీరు తల ఊపితే రాసుకోడానికొచ్చిన మెజిస్ట్రేటుగారేమో ఫోనొచ్చిందని వరండాలోకి వెళ్ళారు. ఎవరు చేశారో ఆ మాత్రం ఊహించలేనా!

మంటగా ఉందా? ఉంటుంది. గంజి కదా, నీళ్ళలా జారిపోదు, అంటుకుంటుంది. ఇన్నేళ్ళు వార్చినదాన్ని, నా చేతులు చూడండి.

‘అక్కా, ఇంకో గరిటె’ అనేవారు. గుర్తుందా? సమ్మె మొదలైన దగ్గర్నుంచీ మీ పోలీసులంతా మా మిల్లు గెస్టుహౌసులోనే మకాం. పడుకునే మంచాలు మిల్లువి, జీపులో డీజిలు మిల్లుది, తినే అన్నం నేను వండింది. లాఠీ ఒక్కటే ప్రభుత్వానిదంటే ఎవరు నమ్ముతారండీ? ఓనరుగారి కూతురు మంత్రిగారి కోడలాయె. వియ్యంకులిద్దరి పెట్టుపోతల్లో మిమ్మల్నీ పెట్టేశారు.

కోపమొచ్చిందా? రానివ్వండి, నాకేం!

మా క్యాంటీను పద్ధతి మీకు తెలుసు. గంట మోగాక ఎవడూ చేతిలో ఏదీ పట్టుకుని లోపలికి రాడు. ఎప్పుడో బల్ల దగ్గర గొడవై ఒకడు స్పానరుతో ఇంకొకడి పళ్ళు రాలగొట్టాడు, అప్పట్నుంచీ అది కట్టుబాటు. కర్రైనా బీడీ అయినా బయటే. చేతులు కడుక్కుని, కంచం పట్టుకుని, వరసలో నిలబడాలి.

ఆ రోజు గేటు దగ్గర సమ్మెలో ఉన్న మావాళ్ళ చేతుల్లో రాళ్ళున్నాయి, ఇనప కడ్డీలున్నాయి. దగ్గరికి పోయారా మీరు? ధైర్యం చాల్లేదు. అప్పుడొచ్చింది మేనేజరు నోట కబురు, రాజీ కుదిరిందని. మంత్రిగారు మాటిచ్చారట, భోజనాలయ్యాక సంతకాలట. గంట మోగింది. ఇంకేముంది! కడ్డీలు పడేశారు, చేతులు కడుక్కున్నారు, ఆ తడి చేతులతోనే లోపలికొచ్చారు వెర్రివాళ్ళు.

షట్టరు దించారు. బియ్యం గదిలోంచి మీరూ మీవాళ్ళూ లాఠీలతో బయటికొచ్చారు.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను సార్. ఎముక విరిగితే ఎండుపుల్ల విరిగినట్టే ఉంటుంది చప్పుడు, అదీ ఆ రోజే తెలిసింది. ఒకడి దవడ ఊడి వేలాడింది. నేలంతా నెత్తురు, జారి పడుతున్నారు, పడ్డవాణ్ణి మళ్ళీ కొడుతున్నారు. మా తమ్ముడు కంచం తలకి అడ్డం పెట్టుకుని ‘అక్కా’ అని అరిచాడు. ఆ పిలుపు మీకూ అలవాటేగా, ఒక్క క్షణం ఆగారు.

ఆగి, మళ్ళీ కొట్టారు. వాడు లేవలేదు.

ఆ కంచం నా దగ్గరే ఉంది. మధ్యలో లోతుగా సొట్ట. ఒక్క మెతుకు కూడా అంటలేదు దానికి, ఇంకా వడ్డించలేదు మరి.

అయినా మీ మీద పొయ్యాలనుకోలేదు, ఒట్టు. లాఠీ మీద కోపం తీర్చుకుంటే ఏమొస్తుంది? దాన్ని పట్టుకున్నవాళ్ళు కావాలి నాకు. మిల్లు మళ్ళీ తెరిచారు, మంత్రిగారు వచ్చారు, కార్మికులతో కలిసి భోంచేస్తున్నట్టు ఫొటో కావాలట! పక్కనే ఓనరుగారు, ఇకిలిస్తూ. మరుగుతున్న గంజి గిన్నె ఎత్తాను. మీరు అడ్డమొచ్చారు.

ఎందుకొచ్చారండీ? ఉద్యోగమా, ఉప్పు తిన్న విశ్వాసమా? మీరు నేల మీద పొర్లుతుంటే ఓనరుగారు బల్ల కింద దూరారు. మంత్రిగారి చొక్కా మీద ఓ చుక్క పడింది, మార్చుకోవడానికి వెళ్ళారు. మీ ముఖానికి ఆ వీలు లేదు. చూడ్డానికైనా వచ్చారా వాళ్ళు? పూలు పంపారటగా. వాసన చూడ్డానికి ముక్కేదీ?

ఏడవకండి, కట్టు తడుస్తుంది.

అదిగో, మెజిస్ట్రేటుగారు వస్తున్నారు. ఊపండి సార్, మొహమాటమెందుకు? నేనే పోశాను. మీవాళ్ళు కొడతారని, కాల్చేస్తారని భయమేం లేదు నాకు.

ఇంకోటి కూడా వినండి. మేనేజరు రాజీ అనగానే, తమ్ముడు నిన్నట్నుంచీ పస్తున్నాడే అని ఆత్రంగా పరిగెత్తి ఆ గంట కొట్టింది కూడా నేనే. దానికి మాత్రం ఎవరూ కేసు పెట్టలేదు.