మల్లమ్మ ఇంట్ల నేను పొంగిచ్చిన పాలు

"అత్తమ్మా, వచ్చే ఆదివారం మా దోస్తులమంత గోదారి ఒడ్డు పల్లెలకు పోతున్నం. వరదకు కూలిన ఇండ్లు మళ్ల కట్టిన్రంట, లోపట సామాన్లు సర్దాలె. నువ్వు అప్పట్ల పోయినవ్ గదా, ఎట్ల చెయ్యాల్నో చెప్పవా?"

నన్నా? నన్నడుగుతున్నవా స్వప్నా? జర మెల్లగ అను. లోపల మీ మామయ్య ఉన్నడు, వింటే మళ్ల మొదలుపెడ్తడు.

కూసో. ఆ చిక్కుడుకాయల గిన్నె ఇటియ్యి, ఈనెలు తీసుకుంట చెప్త.

నేనెందుకు పోయిన్నో నీకెరుకే. ఆ యేడు మన ఖమ్మంల మున్నేరు పొంగి ఇండ్ల మీదికొచ్చింది. నా కొడుకు, మీ బావ, బండి మీద పోతుంటే నీళ్లు చుట్టుకున్నయ్. కరెంటు స్తంభం పట్టుకొని నిలబడ్డడంట. తాడేసి గుంజిన్రు. ఇంటికొచ్చిండు, బట్టలు మార్చుకున్నడు, అన్నం తిన్నడు. గంతే. వాడు బాగనే ఉన్నడు. నాకే, వాన సప్పుడైతే చాలు, చేతులు వణికేటియి. కత్తిపీట ముందు కూసుంటే మీ మామయ్య వచ్చి జరిపేటోడు. యాడాదైనా పోలే.

సరే, ఆ ముచ్చట ఇడిచిపెట్టు.

ఇంట్ల కూసోలేక పోయిన. సేవ, గీవ, అంత పెద్ద మాటలు నాకు రావు. మన ఖానాపురం హవేలి గల్లీల ఆడోళ్లు నలుగురు కలిసిన్రు. ఆ వానలకే భద్రాచలం అవతల, అడివి అంచున ఒక పల్లె గోదారిల మునిగింది. మట్టిగోడలు కరిగిపోయినయ్. ఎవరో దాతలు ఇటుకలు, రేకులు ఇచ్చిన్రు. మళ్ల వానకాలం వచ్చేసరికి ఇండ్లు లేసినయ్ గని లోపట చెంచా లేదు. మంచాలు, బియ్యం డ్రమ్ములు, గిన్నెలు, చాపలు, గ్యాస్ పొయ్యిలు, అన్ని ఓ వ్యానుల ఎక్కిచ్చినం. మీ మామయ్యనే తోలిండు. కల్లూరు కాడ మా చిన్నాడబిడ్డ ఇత్తడి బిందె ఇస్తనంటే అటు తిరిగి పోయినం. ఇచ్చిందా అంటే ఇయ్యలే. చాయ్ పోసి పంపింది. ఆమె సంగతి వేరే చెప్త.

నాకు సర్దుడంటే పిచ్చి గదా. మనిషి గడప లోపల కాలు పెట్టంగనే ఉప్పు డబ్బా చేతికి దొరకాలె, అట్ల ఉండాలె ఇల్లు. అందుకని ఏం చేసిన్నో తెలుసా? ఇంటోళ్లను ఎవ్వరిని లోపలికి రానీయలే. "మీరు బయట కూసోండ్రి, అంత అయినంక పిలుస్తం" అన్న. చూడు నా తెలివి! ఎవరిల్లో వాళ్లనే బయట కూసోబెట్టిన. వాళ్లు గూడ పాపం, ఖమ్మం నుంచి వచ్చిన మేడం ఏదో చెప్తున్నదని కూసున్నరు.

మిగతా ఇండ్లల్ల ఏం కాలే. ఆఖరుది మల్లమ్మ ఇల్లు.

మల్లమ్మంటే అరవై దాటిన మనిషి. సన్నగ, ఎండు మిరపకాయ తీరు. కూలికి మిరప తోటలకు పోతది, ఎండకాలం తునికాకు తెంపుతది. కొడుకు మణుగూరు దిక్కు బొగ్గు బాయిల కాంట్రాక్టు పని, వారానికొక్కసారి వచ్చేటోడు. కోడలు రజిత. ఆ పిల్లకు నెలలు నిండినయ్. తొలి కాన్పు. నిరుటి సంది ఆ అత్తాకోడండ్లు టార్పాలిన్ కింద ఉన్నరు. కింద బురద, మీద మబ్బు. ఈయాలో రేపో నొప్పులొచ్చేటట్టున్నది. వాళ్లకున్న పొడి జాగ అంటే ఆ కొత్తిల్లు ఒక్కటే.

నేను లోపల సర్దుతున్న. పొయ్యి కనెక్షన్ పెట్టినం. అంటుకుంటదో లేదో చూడాలె గదా? వ్యాను దించినోళ్లకు చాయ్ అన్న పోస్తే పుణ్యం గదా? భద్రాచలంల కొన్న పాల ప్యాకెట్ సంచిల ఉన్నది. కొత్త గిన్నె కడిగి, పాలు పోసి, పొయ్యి మీద పెట్టిన. మంచిగ మండింది. ఇగ అప్పుడే మీ మామయ్య అద్దం తగిలియ్యనీకి గోడకు మొల పెట్టిండు. ఎక్కడ? దర్వాజకు ఎదురుంగ! "ఎవరన్న అక్కడ కొడ్తరా?" అని నేను, "నీకు కావాల్నంటే నువ్వే కొట్టుకో" అని ఆయన. మా సంగతి నీకెరుకే, ఒకసారి పట్టుకుంటే వదలం.

సుర్రుమన్నది. తిరిగి చూస్తే పాలు పొంగి పోతున్నయ్. తూర్పు దిక్కుకే పోయినయ్ గూడ, నా ఖర్మ.

నీకు నవ్వొస్తున్నది. మన ఇల్లు కట్టుకున్ననాడు అయ్యగారు కూసోని, చుట్టాలంత నిలబడి, నేను పట్టుచీర కట్టి పెడితే పాలు విరిగినయ్. మా అత్తమ్మ ఆర్నెల్లు దెప్పింది. సొంతింట్ల పొంగని పాలు ఊరోళ్ల ఇంట్ల ఎంత అందంగ పొంగినయంటే, ఫోటో తియ్యాలె.

దర్వాజ కాడ మల్లమ్మ నిలబడ్డది.

తలంటు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, చేతిల చెంబు. చెంబుల పాలు. ఎనక రజిత, చేతిల పసుపు, కుంకుమ. వాళ్లు ఎప్పుడో ముహూర్తం అడిగిచ్చుకున్నరంట. పక్కూరి బర్రె పాలు చెప్పి పెట్టుకున్నరంట. నాకెవ్వరు చెప్పలే. నేనడిగితే గదా చెప్పేది.

మల్లమ్మ పొయ్యి దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. అరవలే, తిట్టలే.

"మంచిగ పొంగినయ్ అమ్మా," అన్నది. "ఇల్లు నీకు కలిసొస్తది."

చెంబు పట్టుకొని ఎనక్కి తిరిగింది. "నడువే పిల్లా" అని కోడల్ని తీస్కొని టార్పాలిన్ కిందికి పోయింది.

నేను ఉరికిన. "మల్లమ్మా, తప్పైంది. కడుగుత, తుడుస్త. మీ పాలు మళ్ల పెట్టుకోండ్రి" అన్న.

"ఒక పిల్లకు రెండుసార్లు లగ్గం చేస్తరా? పాలు ఎవరి చేత పొంగితే ఇల్లు వాళ్లది. మేం బీదోళ్లమే గని పద్ధతి లేనోళ్లం కాదు."

"మరి ఈ పిల్ల సంగతి?"

"నేనున్న గదా."

"పక్కోళ్ల ఇంట్లనన్న..."

"ఒకళ్ల కొత్తింట్ల మా పురుడు పెడ్తమా? ఏం మాట్లాడుతున్నవ్ మేడం?"

ఊరంత నవ్వుడే. ఒక ముసలాయన వచ్చి "ఇల్లు వసతిగ ఉన్నదా అమ్మా? గాలి వస్తున్నదా?" అని అడిగి పోయిండు. మీ మామయ్య అయితే మొల గోడకే ఇడిచిపెట్టి, "ఖమ్మంల ఒకటి, గోదారి ఒడ్డుకు ఒకటి. ఇగ మనకేం తక్కువ" అంటున్నడు. నాతోటి వచ్చిన ఆడోళ్లు మొఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నరు. ఇల్లు సర్దనీకి పోయి ఇంటోళ్లను ఎల్లగొట్టొచ్చినామె నేనే ఉంట దునియాల.

అంతల వాన మొదలైంది.

నా చేతులు నాకు తెలుసు గదా. కొంగుల దాసుకున్న. అట్లనే టార్పాలిన్ కిందికి పోయిన. లోపట ఒక పక్క కారుతున్నది. రజిత నడుం పట్టుకొని ఇటుకల మీద కూసున్నది. ఆ పిల్ల నన్ను చూసి జరిగి జాగ ఇచ్చింది. నా చెయ్యి పట్టుకున్నది. "మీకు చలి పెడ్తున్నదా అమ్మా?" అన్నది. అవ్ అన్న. ఇంకేమంట?

మల్లమ్మ మూతి తిప్పుకొని కూసున్నది గని కండ్లు మాత్రం కోడలి కడుపు మీదనే ఉన్నయ్. ఆమెకు భయం లేక కాదు. భయానికి, పద్ధతికి నడిమిట్ల ఇరికింది.

"మల్లమ్మా, ఆ ఇల్లు నాది అంటున్నవ్ గదా," అన్న. "నాదైతే నేను పిలుస్తున్న. వచ్చి ఉండుండ్రి."

"ఏం చుట్టరికం మీద? అడ్డగోలుగ పోయి ఎవరింట్లనో కాన్పు పెడ్తరా?"

నా నోట్ల నుంచి ఎట్ల వచ్చిందో వచ్చింది. "నా బిడ్డ అనుకో."

మల్లమ్మ అప్పుడు తిరిగింది నా దిక్కు.

"అనుకునుడు గినుకునుడు నాకొద్దు. తొలి కాన్పు తల్లిగారింట్ల చెయ్యాలె. దీని తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి వేరే లగ్గం చేసుకొని అటే పోయిండు. తల్లిగారిల్లు లేదనే ఇక్కడ పెట్టుకున్న. నువ్వు తల్లివైతే నిజంగ తల్లివి గావాలె. కాన్పు చేసి, పథ్యం పెట్టి, ఒడిబియ్యం పోసి మా ఇంటికి పంపాలె. చేస్తవా?"

"చేస్త."

"మధ్యల ఇడిచి పోతవా?"

"పోను."

చెప్తున్న స్వప్నా, నేనప్పుడు ఒక్క చీర మీద పోయిన. సాయంత్రానికి ఇంటికొస్త అనుకొని పొద్దున పప్పు నానబెట్టి పోయిన. మగపిల్లగాడు తప్ప ఆడపిల్ల లేదాయె, కూతురి కాన్పంటే నాకేం తెలుసు? తల్లిని అయిత అని మాటిచ్చి కూసున్న.

ఇగ చూడు. రజితకు బొట్టు పెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి తీస్కపోయిన. మల్లమ్మ మాత్రం గడప దాటలే. "వియ్యపురాలింట్ల ఊరికె మెసులుతమా?" అని బయట అరుగు మీద రేకు కింద కూసున్నది. వ్యాను ఎల్లిపోయింది. మీ మామయ్య కిటికీల నుంచి చెయ్యి ఊపుకుంట పోయిండు. ఆ నవ్వు నాకిప్పటికి యాదికున్నది. నానబెట్టిన పప్పు ఏమైందో ఇప్పటికి చెప్పలే.

నొప్పులు తెల్లారినంకనే వచ్చినయ్. అంబులెన్సుకు ఫోన్ చేసినం. మట్టి రోడ్డు దాక బురదల నేనొక రెక్క, మల్లమ్మ ఒక రెక్క పట్టుకొని నడిపిచ్చినం. భద్రాచలం దవాఖానల ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ వచ్చి "పిల్ల తల్లి తరపోళ్లు ఎవరు?" అని అడిగింది. మల్లమ్మ నా నడుంల ఒక్క పొడుపు పొడిచింది. లేసి నిలబడ్డ. బట్టల చుట్టి నా చేతులల్ల పెట్టిన్రు. బయట వాన పడుతనే ఉన్నది. నా చేతులు... ఏం లేదు. పిల్లను పట్టుకున్నయ్.

ఆ కాయలు ఇటు జరుపు.

తర్వాత పథ్యం. ఓరి నాయనా. నేను మిర్యాలచారు పెడితే మల్లమ్మ కిటికీల నుంచి వాసన చూసేది. "వదినె, గది చారా, బట్టలుతికిన నీళ్లా?" అనేది. ఎల్లిపాయ కారం ఎంత ఎయ్యాలె, పిల్లకు నూనె ఎట్ల పెట్టాలె, నీళ్లు ఎట్ల పొయ్యాలె, అన్ని బయటికెల్లి ఒర్రుకుంటనే చెప్పేది. "లోపలికొచ్చి చెయ్యరాదు వదినె?" అంటే, "నీ ఇల్లు, నీ బిడ్డ, నాకేం సంబంధం?" అనేది. వారానికి మల్లమ్మ కొడుకొచ్చిండు. సొంతింటికి అల్లుడి లెక్క వచ్చి మంచం మీద కూసున్నడు. కోడి కోయాలె గదా! కోసిన. ఉప్పెక్కువైంది. నీళ్లు తాగుకుంట తిన్నడు, పిల్లగాడు మంచోడు.

పిల్లను తొట్టెల వేసిందాక ఉండి, మల్లమ్మనే "అరుగు మీదికెల్లి నేను చూసుకుంట, బిడ్డను పంపేటప్పుడు రా" అంటే ఇంటికొచ్చిన. మళ్ల మూడో నెల పంపనీకి పోయిన. ఈసారి మీ మామయ్యను, మీ బావను గూడ తీస్కపోయిన. తల్లిగారన్నంక మగోళ్లుండాలె గదా.

ఆ పంపుడే చెప్తే నువ్వు నమ్మవు. ఇల్లు ఒక్కటే. తల్లిగారిల్లు అదే, అత్తగారిల్లు అదే. ఏం చెయ్యాలె? మల్లమ్మ చెప్పింది: ఎనక దర్వాజ తల్లిగారిది, ముందు దర్వాజ అత్తగారిది. ఎనక నుంచి పంపితే ఇంటి చుట్టు తిరిగి ముందట నుంచి రావాలె. సామాను గూడ రావాలె, తల్లిగారు ఉత్తచేతుల పంపుతరా? బియ్యం డ్రమ్ము, గిన్నెలు, చాపలు, పొయ్యి, మూడు నెలల కింద మేం మా చేతులతోటి లోపల పెట్టినయే, అన్ని ఎనక నుంచి తీసి, మోసుకొని తిరిగి ముందట నుంచి లోపల పెట్టినం. సిలిండర్ మీ బావ మోసిండు. "అమ్మా, నువ్వు ఇంకెక్కడ పాలు కాచకు" అని చెమటలు తుడుచుకున్నడు. మంచం మాత్రం వద్దులే అన్నది మల్లమ్మ, దయతల్చి.

రజితను పీట మీద కూసోబెట్టి ఒడిబియ్యం పోసిన. చీర పెట్టిన. పిల్లను చేతికిచ్చిన. ఇగ లెవ్వు బిడ్డా అన్న.

లెవ్వలే. నా కొంగు పట్టుకొని ఏడ్సుడు మొదలుపెట్టింది. పోయేది ఎక్కడికి? గోడ అవతలికి. నేను నవ్విద్దామని, "ఇల్లు చుట్టొస్తవ్, గంతే గదనే" అన్న. ఆ మాట పూర్తి కాలే, నాకు గూడ వచ్చింది. ఇద్దరం ఏడ్సినం. ఊరోళ్లంత నవ్వుకుంట చూస్తున్నరు, కొందరు ఆడోళ్లు ముక్కు తుడుచుకున్నరు. ఆ పిల్లకు మొదటిసారి తల్లిగారింటి నుంచి పోవుడు. నాకు మొదటిసారి పంపుడు. అవతల నుంచి మల్లమ్మ కేక: "వదినె, పంపుతున్నవా, లేకుంటే ఇంకో కాన్పు అయినంక పంపుతవా?"

పంపిన. మూల తిరిగి కనపడకుంట పోయింది. ముందట దిష్టి తీసిన సప్పుడు, మల్లమ్మ "కుడికాలు, కుడికాలు" అని ఒర్రుడు వినబడ్డది. మల్లమ్మ గూడ అప్పుడే ఆ గడప లోపల కాలు పెట్టింది. యాడాది దాటినంక సొంతింట్ల.

నేను ఎనక మెట్టు మీద కూసున్న. ఇగ పోదమని లేస్తే కాళ్లకు చెప్పుల్లేవు. చెప్పులు, సంచి, కండ్లద్దాలు అన్ని లోపలనే ఉన్నయ్. ఎనక దర్వాజ నుంచి పోదమనుకున్న, గొళ్లెం పెట్టి ఉన్నది. ముందటికి పోయి గడప కాడ నిలబడ్డ. పిలవకుంట లోపలికి పోవద్దని తెలిసొచ్చింది గదా ఆ మాత్రం.

మల్లమ్మ కొంగు నడుంల చెక్కుకొని వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది, నేనెవరో కొత్త మనిషిని అన్నట్టు.

"రా వదినె, ఇదేనా వచ్చుడు?" అన్నది. "కాళ్లు కడుక్కో. మా ఇంట్ల అన్నం తినకుంట పోతవా?"

పోయిన. తిన్న. ఉప్పు సరిగ్గనే ఉన్నది.

ఏం చెప్పాలె నీకు? నాకేం తెల్వదే స్వప్నా. పోయి రా. జర జల్దీ లెవ్వు ఆదివారం, ఆ అడివి రోడ్డుల పొద్దుగూకితే... ఆ, ఇగో, ఇటు రా, తల వంచు. నీకు గూడ గసుంటి వియ్యపురాలు దొరకాలె బిడ్డా. గంతకన్న పెద్ద దీవెన నాకు రాదు.