వెచ్చటి చోట పెట్టిన హెల్మెట్

వస్తువుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో బల్ల మీద పగిలిన హెల్మెట్ ముక్కలున్నాయి. అది పెట్టుకుని భవనం పనికి వెళ్ళి, పైనుంచి ఇటుక పడి చనిపోయిన కుర్రాడి తల్లి ఎదురుగా కూర్చుంది. ఆమెకు ఎలా చెప్పాలో పరీక్ష చేసినాయనకు పాలుపోలేదు.

“ప్లాస్టిక్ పెళుసెక్కిపోయిందమ్మా. వేడి తగులుతూ ఉంటే గాలిలోని ఆక్సిజనే దాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది.”

“రోజూ తుడిచి పెట్టేదాన్ని బాబూ. నిప్పు దగ్గరికి ఎప్పుడూ పోనివ్వలేదే!”

“నిప్పే అక్కర్లేదమ్మా. చెయ్యి పెడితే కాస్త వెచ్చగా తగిలే చోటైనా చాలు, ఏళ్ళ తరబడి ఉంచితే.”

ఆమె ఒక ముక్కను చేతిలోకి తీసుకుంది.

“పొద్దున్నే చల్లటిది పెట్టుకుంటే తలనొప్పి వస్తుందనేవాడు. నేనే వేడినీళ్ళ బాయిలర్ మీద పెట్టేదాన్ని.”

“మీకెవరు చెప్పారు గనక? పాతదైతే మార్చాల్సింది పనిచ్చినవాళ్ళు” అన్నాడాయన.

“చిన్నోడిదీ అక్కడే పెడుతున్నాను బాబూ.”

“అతనిప్పుడు ఎక్కడున్నాడు?”

“అన్న పనిలోకే వెళ్ళాడు.”

ఆయన గబుక్కున ఫోన్ ఆమె ముందుకు జరిపాడు. ఆమె నంబరు నొక్కగానే అవతల చిన్నకొడుకు పలికాడు.

“ఉన్నపళంగా పని ఆపి బయటికి వచ్చెయ్యి నాన్నా,” అంది ఆమె. “నీ హెల్మెట్ కూడా నేనే పాడుచేశాను.”