తాళం చెవికి గాటు

“పక్కింటి అండాలు ఏమన్నదో ఎరుకనా నీకు? ‘ఎల్లస్వామన్నా, నీ తాళం ఫోన్ల కనవడ్డది. పక్కన నువ్వు లేవు, నీ బామ్మర్ది ఉన్నడు’ అన్నది. నల్లా కాడ, పది మంది ఆడోళ్ల నడుమ అన్నది.”

దేవరకొండ బస్టాండు వెనక గల్లీలో, భుజం మీది నీళ్ల బిందె దించకుండానే తాళాల ఎల్లస్వామి మొదలుపెట్టాడు. పొయ్యి దగ్గర భార్య జంగమ్మ జొన్నరొట్టె కొడుతోంది.

“బిందె దించు ముందు. మొన్ననే దవాఖానల నుంచి వస్తివి. భుజం వట్టుకుంటది.”

“నేనడుగుతున్నది బిందె సంగతి కాదు.”

“అండాలు మాటలు వట్టుకొని పొద్దుగాల్నే లొల్లి ఎందుకు? ఆమెకు ఫోను సూసుడు వస్తదా?”

“ఆమెకు రాదు. మనవరాలు నిరోష సూపిచ్చిందట. నేను గూడ సూసిన. నల్లగొండల కొత్త పనిముట్ల ప్రదర్శన. టేబుల్ ఎనక నీ తమ్ముడు పరమేష్ గాడు. తెల్లంగి. మెడల కండువ. చేతుల నా తాళం.”

“ఫోన్ల బొమ్మ వేలంత ఉంటది. నీ తాళమేనని ఎట్లంటవ్?”

“నా తాళం నాకు ఎరుకగాదా? నెలల తరబడి చేతుల వట్టుకుంటి. నీ మొఖమన్న మర్సిపోత గని దాన్ని మర్సిపోత్నా?”

“గదైతే నిజమే.”

“ఏందే?”

“ఏం లేదు. బొమ్మ కింద ఏమన్న రాసున్నదా?”

“ఏదో ఇంగ్లీషుల ఉన్నది. నిరోష బడికి ఉరికింది. అండాలుకు రాదు, నాకు రాదు.”

“రానప్పుడు ఊకో మరి. తమ్ముడు వస్తడు గద, అడుగుదువు.”

“ఎట్ల ఊకుంటనే? నేను జెరంతోటి మంచం మీద పడి ఉంటిని గనుక వానికిచ్చి పంపితి. ‘మా బావ చేసిండు’ అని ఒక్క మాట చెప్పి రారా అంటి. హైదరాబాదు ఫ్యాక్టరీ ఆయనకు తాళం మస్తు నచ్చిందని వాడే ఫోన్ల చెప్పిండు. వేలకు వేలు చేస్తరట, ప్రతి తాళం కప్ప ఎనక పేరు అచ్చు పోస్తరట. ఎవరి పేరు పోస్తరే? ఎవరిది పోస్తరు?”

“పోసినప్పుడు సూద్దాం.”

“మా నాయిన నలపై ఏండ్లు బస్టాండు కాడ గొడుగు కింద కూసున్నడు. ఆయన పేరు ఎవనికన్న ఎరుకనా? తాళాలాయన. గంతే. సచ్చిపోయిన నాడు గూడ ‘తాళాలాయన పోయిండట’ అన్నరు. నా పేరు ఎవనికి ఎరుక? తాళాలాయన కొడుకు. ఇన్నేండ్లకు ఇనుము మీద నా పేరు వడ్తదంటే, గది గూడ వాడే మింగిండు.”

“నా పేరు ఎవరికి ఎరుక? తాళాలాయన కోడలు.”

“నీది వేరే ముచ్చట.”

“అవు. నాది వేరే ముచ్చట.”

“అగో, బండి సప్పుడు. వాడేనా?”

“వాడే.”

జంగమ్మ తమ్ముడు పరమేష్ నల్లగొండలో ఒక కాలేజీలో అటెండరు. బండి వాకిట్లో ఆపి, చంకలో ఒక అట్ట ఫైలుతో గడప దాకా వచ్చాడు.

“అక్కా, ఉన్నవా?”

“అక్కెందుకురా? అక్కతోటి ఏం పని? నేనున్న. రా లోపలికి.”

“జెరం తగ్గిందా బావా?”

“తగ్గింది. నిన్ను సూస్తే మల్ల వచ్చేటట్టున్నది.”

“ఏందక్కా, బావ పొద్దుగాల్నే గిట్ల?”

“కూసో తమ్ముడు. రొట్టె తింటవా?”

“రొట్టె తర్వాత పెట్టొచ్చు తియ్. ఒరేయ్ పరమేష్, నా మొఖం సూసి చెప్పు. ఫోన్ల బొమ్మ ఎవనిది?”

“నాదే బావా. తాళం వట్టుకపోయింది నేను, పొద్దంత నిలవడ్డది నేను. మరి బొమ్మల ఎవరుంటరు?”

“కండువ ఎందుకు కప్పిచ్చుకున్నవ్?”

“అందరికి కప్పిండ్రు. మిర్పకాయల తొడిమెలు తీసే మిషను తెచ్చినాయనకు గూడ కప్పిండ్రు.”

“ఫారం నింపినవా?”

“నింపిన.”

“ఈ తాళం ఎవరిదని అండ్ల ఒక గడి ఉంటది. ఉంటదా, ఉండదా?”

“మస్తు గడులుంటయి బావా. ఊరు, మండలం, ఆధారు నంబరు, ఫోను నంబరు, పిన్ కోడు…”

“నేనడిగింది పిన్ కోడు కాదు.”

“గదే చెప్తున్న. రెండు పేజీలు, ముందొకటి ఎనకొకటి…”

“నా పేరు రాసినవా, లేదా?”

“నీ పేరు గూడ ఉన్నది బావా.”

“గూడ! గూడ అంటే ఏందిరా? నేను గాక ఇంకెవరున్నరు అండ్ల?”

“అక్కను అడుగు.”

“అక్క కొంగు సాటుకు పోకు. పోయేటోనివి చిన్నప్పుడు పోయేది ఉండె. ఏడో తరగతి తప్పి ఇంట్ల కూసుంటే, సైకిల్ ఎనక కూసోవెట్టుకొని హాస్టలుకు తీస్కపోయింది ఎవర్రా? నీ రేకు పెట్టెకు నా చేత్తోటి తాళం ఏసి, చెవి నీ మొల్తాడుకు కట్టింది ఎవరు?”

“నువ్వే బావా. నేను మర్సిపోలే.”

“మర్సిపోనోనివి నా మెడ ఎందుకు కోస్తివి మరి? ఆకురాయి వట్టి వట్టి ఈ బొటనేలు గోరు ఊడి మల్ల మొలిసింది. సూడు. ఎనిమిది నెలలు! సైదమ్మ సంచి యాదికున్నదా నీకు?”

“ఉన్నది. వలస పోయి, ముంబై బస్సు దిగి ఏడ్సుకుంట వచ్చింది.”

“‘అన్నా, చెవి తిరుగుతలేదు, పగలగొట్టు’ అన్నది. పగలగొట్టిన. లోపల మొగోళ్ల లుంగీలు. ఆమె సంచి ఇంకెవడో ఎత్తుకపోయిండు. గసొంటియి నెలకు నాలుగైదు పగలగొడుతుంటి. సంచులన్ని ఒక్క తీరు, తాళాలన్ని ఒక్క తీరు. ఇది ఎవరిదో తాళమే చెప్పాలె అని అనుకున్నది నేను. నువ్వు గాదు.”

“నేననలే బావా. మొదలు పేర్లు చెక్కినవు గద నువ్వు.”

“చెక్కిన. ఒక్క బస్సుల పదకొండు మంది యాదయ్యలు తేలిండ్రు. ఒకని సంచి మీద ఒకడు పడి కొట్టుకున్నరు.”

“తర్వాత ఫోను నంబర్లు చెక్కినవు.”

“ఆడికి పోంగనే సిమ్ములు మారుస్తరు. సదువు రానోనికి అంకెలైనా గీతలే, అచ్చరాలైనా గీతలే. అప్పుడు గద తట్టింది నాకు! పొద్దుగాల బువ్వ తింటున్న. గొర్రెకు చెవి ఉన్నది, తాళానికి చెవి ఉన్నది. మందల మన గొర్రె ఏదో తెలిసేటందుకు చెవికి గాటు పెడ్తరు. తాళం చెవికి గాట్లు పెట్టి, గవే గాట్లు కప్ప అంచుకు పెడితే? కండ్లు మూసుకొని వేలుతోటి తడిమితే సాలు. చెవి గాటు, కప్ప గాటు కలిసినయా, సంచి నీది. కలవలేదా, కింద పెట్టు. ఇంత చిన్న ముచ్చట ఇన్నేండ్లల్ల ఎవనికన్న తట్టిందా?”

“తింటుంటే తట్టింది.”

“అవునే జంగమ్మా, తింటుంటే.”

“ఎవరు వడ్డిస్తుండె?”

“నువ్వే. ఇంకెవరు వడ్డిస్తరు? నడుమ గదేం ప్రశ్నే?”

“ఏం లేదు. నువ్వు చెప్పుకో.”

“బావా, కోపానికి రాకు గని, ఒక మాట. నీ తాళం మీది ఆ మూడు గాట్లు, ఒక కోత మా నాయిన గుర్తు. మా మంద గుర్తు.”

“అగో! ఇగ బయటవడ్డది. మీ నాయిన గాట్లని నీ పేరు రాసుకున్నవ్.”

“నా పేరు రాసుకోలే.”

“మీ నాయిన గొర్లను కాసిండురా, తాళాలను కాయలే. దేవరకొండ సుట్టు ఎంతమంది గొర్లోళ్లు లేరు? అందరు వచ్చి ఫారం నింపుతరా ఇగ?”

“మరి ఏ గాటు ఎట్ల పెడ్తరో నీకెట్ల తెలిసింది? మీ తాత మంద అమ్ముకొని బస్టాండుకు వచ్చిండు. నువ్వు పుట్టినంక మీ ఇంట్ల ఒక్క గొర్రె గూడ లేదు. నువ్వే అంటుంటివి గద, గొర్రెంటే నాకు కూరల్నే ఎరుక అని.”

“గది అందరికి ఎరుకున్న ముచ్చటే.”

“అందరికి ఎరుకుండదు బావా. గాటు లోతుగ వడితే చెవి చీలుతది, పైపైన పెడితే పూడుతది. రెండు గాట్ల నడుమ వేలు పట్టేంత జాగ ఉండాలె, లేకుంటే చీకట్ల తడిమితే తెల్వది. నీ తాళం మీద సరిగ్గ గంత జాగ ఉన్నది. మా నాయిన చెవి కోస్తుంటే, గొర్రె తలకాయ వట్టుకున్నోళ్లకే ఎరుక గది. నేను వట్టుకోలే. నాకు నెత్తురంటే భయం.”

“నువ్వు వట్టుకోకుంటే దయ్యం వట్టుకున్నదా?”

“అక్కా, నువ్వు చెప్తవా? నన్ను చెప్పుమంటవా?”

“ఆమె ఏం చెప్తదిరా? ప్రతి దానికి అక్కా, అక్కా! ఆ ఫైల్ల కాగితం ఏంది?”

“ఫ్యాక్టరీ ఆయన పంపిండు. తాళం ఎవరి పేరు మీద ఉన్నదో వాళ్లు సంతకం పెట్టాలె. ఇయాల తీస్కపోయి ఇస్తే, ఎనక పోసే పేరు ఖాయం చేస్తరట.”

“సంతకం నీదా, నాదా?”

“బావా, జర నిమ్మళంగ…”

“చదువు. ఎవని పేరున్నదో గట్టిగ చదువు. గల్లీ అంత ఇనాలె. అండాలు గూడ ఇనాలె.”

“అక్కా…”

“నువ్వు చదవకు తమ్ముడు. నేను చెప్త. ఆ గడిల ఉన్నది నా పేరు.”

“ఏందే?”

“జంగమ్మ, భర్త ఎల్లస్వామి, దేవరకొండ. నేనే రాపిచ్చిన. ఆధారు కార్డు నేనే ఇచ్చి పంపిన.”

“పరాచికాలా?”

“కాదు.”

“నీకు సంతకం గూడ రాదు గదనే!”

“వేలిముద్ర వస్తది.”

జంగమ్మ పెనం దించి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ఫైలు పక్కన కూర్చుంది. ఎల్లస్వామి నిలబడే ఉన్నాడు.

“వీడు మోసం చేసిండంటే ఇంత బాధ లేకుండె. వీడు బయటోడు అనుకుందును.”

“నేను బయటోన్నా బావా?”

“నువ్వు సప్పుడు చెయ్యకు. జంగమ్మా, నాకు సోయి లేకుంట పడి ఉంటే మంచం పక్క నుంచి కదలకుంట కూసున్నవు. గంజి తాపినవు. దవాఖాన నర్సు గూడ అన్నది, ‘నీ భార్య నీ అదృష్టం తాతా’ అని. ఒక చేత్తోటి గంజి తాపి, ఇంకో చేత్తోటి ఇదా?”

“గంజి గంజే. పేరు పేరే.”

“చెవి అన్న మాట నువ్వు అని ఉంటవు. ఏదో రొట్టె ఏసుకుంట, మాట వరుసకు అని ఉంటవు. గంత మాత్రానికే…”

“మాట వరుసకు అనలే. నీ ఎడమ చేతుల నుంచి తాళం గుంజుకొని, పొయ్యిల బొగ్గు తీసి, చెవి మీద ఒకటి, కప్ప అంచు మీద ఒకటి గీసి సూపిచ్చిన. నువ్వు ఆకురాయి పెట్టింది నా బొగ్గు గీతల మీద.”

“గీసుడు ఎంతసేపు? కోసింది నేను. చేసింది నేను!”

“చేసింది నువ్వే. కాదన్ననా? గది గూడ రాపిచ్చిన. కింది గడిల ఉన్నది, పనితనం ఎల్లస్వామిది అని. తమ్మున్ని అడుగు.”

“ఉన్నది బావా. గందుకే ‘గూడ’ అన్న.”

“కింది గడిలనా? నా పేరు కింద?”

“కింద.”

“కప్ప ఎనక పోసేది ఏ పేరు?”

“పైది.”

“పొద్దటి నుంచి నేను వీన్ని దొంగ అంటున్న, ద్రోహి అంటున్న. నువ్వు రొట్టె కొట్టుకుంట ఇంటున్నవు. ‘కింద ఏమన్న రాసున్నదా’ అని నన్నే అడిగితివి గదనే!”

“అడిగిన. సరిగ్గ రాసిండ్రో లేదో అని.”

“బస్టాండ్ల ఏం మొఖం పెట్టుకొని కూసోవాలె నేను? తాళం జంగమ్మది, ఆకురాయి ఎల్లస్వామిది అంటరు. నవ్వుతరు.”

“రెండు దినాలు నవ్వుతరు. తర్వాత సంచులు తెచ్చుకుంటరు.”

“అక్కా, పదింటి బస్సుకు ఆయన మనిషి నల్లగొండ దాటిపోతడు. వేలిముద్ర ఏస్తే నేను పోత.”

“ఆగురా! ఇంకా మాట్లాడుతున్నం. జంగమ్మా, ఇటు సూడు. ఒక్క మాట నాతోటి అంటే అయిపోతుండె గదనే. దొంగతనంగ తమ్మునితోటి రాపిచ్చుడెందుకు? ‘ఏమయ్యా, నా పేరు గూడ పెట్టు’ అని నోరు తెరిసి అడిగితే, నేను కాదందునా?”

“అడిగిన. పోయిన పీర్ల పండుగ నాడు, గీ పొయ్యి కాడ్నే అడిగిన. నువ్వు నవ్వినవు.”