గున్నమ్మ వండిన రెండూళ్ల పప్పు

గున్నమ్మ గరిటె తిప్పిందంటే పొరుగూరి కుక్కలు కూడా కట్లు తెంపుకుని వచ్చేసేవంట. అలాంటి మనిషికి మెట్టవలసకీ లోతువలసకీ సంధి బువ్వ వండే పని పడింది. కాలవ నీళ్ల కోసం రెండూళ్లూ తలకాయలు పగలగొట్టుకుని, ఇక చాల్లే అనుకున్నారనుకో. ఆనవాయితీ ఏంటంటే, రెండూళ్ల గిన్నెలూ పొయ్యెక్కాలి, ఆ పప్పు అందరూ ఒకే బంతిలో తినాలి. పొద్దు నడినెత్తి దాటేలోపు విస్తట్లో పడకపోతే సంధి చెడినట్టే, మళ్లీ కర్రలే! మెట్టవలస పెద్ద జగ్గునాయుడు రాగి గుండిగ తెచ్చాడు. దాని మెరుపు చూసి, రెండో సూర్యుడొచ్చాడని కొంగలు దారి తప్పాయంట. లోతువలస పెద్ద కూర్మయ్య ఇనప బాణలి తెచ్చాడు. దాన్ని లాగలేక ఎద్దులు మోకాళ్లేశాయి. ఏనుగు తొక్కినా సొట్ట పడదు, మా ముత్తాత తిన్నాడిందులో అన్నాడు కూర్మయ్య. "అది కాగేసరికి నువ్వూ ముత్తాతవైపోతావు మావా! మాది మంట మొహం చూస్తే చాలు, మరిగిపోద్ది" అన్నాడు జగ్గునాయుడు.

ఏమైందంటే, గున్నమ్మ గుండిగలోకి తొంగి చూసి గుండెలు బాదుకుంది. "ఒరే జగ్గూ, లోపలి తెల్ల పూత ఏదిరా?" మెరవాలని ఊరంతా కలిసి చింతపండూ ఇసకా పెట్టి లోపలా బయటా తోమేశామప్పా, అన్నాడంట. చూశారా, కళాయంతా తోమి పారేశారు! కళాయి లేని రాగిలో ఉప్పూ పులుపూ ఉడికితే చిలుమెక్కి, తిన్నోళ్లు బంతిలోనే కక్కుకోవాలి. "విషం పెట్టారని మిమ్మల్ని నిలువునా పాతేస్తార్రా" అంది. పోనీ బాణల్లో వండుదామా అంటే, అరచెయ్యంత మందం అది, చన్నీళ్లతో మొదలెడితే పొద్దు వాలిపోద్ది. కూర్మయ్య మీసం దువ్వుతున్నాడు. జగ్గునాయుడి మనుషులు కర్రలకేసి చూస్తున్నారు.

గున్నమ్మ కొంగు బిగించింది. "ఎవరూ కదలకండి! గుండిగలో ఉత్త నీళ్లు పొయ్యండి, ఉప్పుగల్లు కూడా పడకూడదు. ఆ బాణలి కింద మంటెట్టి కందిపప్పు వేయించండి" అంది. రాగి కదా, నీళ్లు చిటికెలో కుతకుతలాడాయి. ఈలోగా పప్పుతో పాటు బాణలీ కాగింది. కాగిన ఇనుములో మరిగిన నీళ్లు ఒంపిందయ్యా, చుయ్యిమన్న ఆ మోతకి సముద్రం మీద జాలర్లు తుఫానొచ్చిందని వలలు లాగేసుకున్నారంట! ఇనుము కాగడానికే ఆలస్యం, కాగాక వేడి వదలదు. కట్టెలు లాగేసినా పప్పు ఉడుకుతూనే ఉంది. చింతపండు మాత్రం దగ్గరికి రానివ్వలేదు, ఇనుములో పులుపు పడితే పప్పు నల్లబడుద్దని.

పొద్దు నడినెత్తికి రాకముందే విస్తళ్లు వేశాక కూర్మయ్య మడతపేచీ పెట్టాడు. "రాగి దాంట్లో పప్పెక్కడ ఉడికిందప్పా? ఉత్త నీళ్లేగా!" గున్నమ్మ గరిటె ఎత్తి పట్టుకుంది. "ఉత్త నీళ్లా? మరి ఆ ఉత్త నీళ్ల కోసమేనా కాలవ గట్టున బుర్రలు పగలగొట్టుకున్నారు?" కూర్మయ్య తలొంచుకుని, విస్తరి ముందు జగ్గునాయుడి పక్కనే చతికిలబడ్డాడు.

ఇంకేముంది, తిన్నోళ్లు లేవలేకపోతే పీపాల్లా దొర్లించుకుంటూ ఇళ్లకి చేర్చారంట. కాలవ నీళ్లు ఇప్పటికీ చెరిసగం. అయితే ఆ పప్పు రుచి రాగిదా, ఇనుముదా అని రెండూళ్లోళ్లూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నన్నడుగుతారా? నాకు ఏ ఊళ్లో అన్నం పెడితే ఆ ఊరి గిన్నెదే అంటాను.